సాంచాలు ఆగాయి, బర్రె చేపలేదు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. సిరిసిల్లలో మా వాడలో సాంచాలన్నీ ఆగాయి, ఒక్క మరమగ్గమూ నడవలేదు. మా ఇంట్లో పాలు కూడా ఆగాయి. పొదుగు నిండుగానే ఉండేది. అమ్మ ఎంత నిమిరినా బర్రె చేపేది కాదు, పాలు దిగేవి కావు.

నింద మా మేనత్త మీద పడింది. భర్త పోయాక ఆమె మా ఇంట్లోనే ఉంటోంది.

"వదినె, పాలు పిండే యాళ్లకు నువ్వు ఎదురుంగ రాకు. నీ దిష్టి తగులుతున్నది" అన్నది అమ్మ.

"నా కండ్లకు గంత బలముంటే ఢిల్లీ దిక్కు చూద్దును. తెలంగాణ ఎన్నడో వస్తుండె" అన్నది అత్త.

అలా అన్నదే గాని, ఆ మధ్యాహ్నమే చీరలు మూట కట్టింది. బస్సులు నడవగానే గంభీరావుపేటలోని బిడ్డ ఇంటికి పోతానని నాన్నతో చెప్పింది.

దిష్టి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. భర్త లేని మనిషిని గడప దాటించడానికి అంతకన్నా సులువైన మాట లేదు. కానీ కోపం రుజువు కాదు కదా. ఆ బర్రె మా పెరట్లోనే పుట్టింది. గోడ అవతలే నాన్న సాంచాలు నడిపే కార్ఖానా. పాలు పిండే ప్రతిసారీ అది సాంచాల చప్పుడు వింటూనే ఉంది. దూడ మూతి తగిలితే చేపినట్టే, ఆ టకటకకు చేపడం దాని ఒంటికి అలవాటై ఉండాలి. జీవి తన చుట్టూ ఉన్న లయకు తన పనిని జత చేసుకుంటుంది. ఇందులో కంటికీ చూపుకీ పని లేదు.

"ఒక్కసారి సాంచె నడుపు నాయినా" అన్నాను.

"బంద్‌ల సాంచె నడిపితే వాడకట్టు మొఖాన ఉమ్ముతది. మా బర్రె ఇనాలె అని చెప్పాల్నా?"

"అయితె చేతులతోని కొట్టు."

నాన్న గొణుక్కుంటూనే పాత తలుపు చెక్క మీద రెండు కట్టెలతో సాంచె దెబ్బ మొదలుపెట్టాడు. పాలు అత్తే పిండాలన్నాను. దిష్టికీ పూర్తి అవకాశం ఇవ్వాలి మరి!

బర్రె నెమరు ఆపింది. చెవులు చెక్క వైపు తిప్పింది. కాసేపటికి మొదటి ధార గిన్నె అడుగున మోగింది.

"పొద్దుగాల నేను మిరపకాయలు దిగదీసిన, గందుకే" అన్నది అమ్మ.

"అయితె రేపు దిగదీయకు."

మర్నాడు మిరపకాయలు లేవు. చెక్క మోగింది, పాలు వచ్చాయి. ఆ మరునాడు చెక్క ఆపించాను, చుక్క రాలేదు. అమ్మ ఒప్పుకోలేదు.

సమ్మె ముగిసి సాంచాలు నడిచాయి, బర్రె అందరికీ చేపింది. బస్సులూ వచ్చాయి.

"ఇగ నేను పోయొస్త" అన్నది అత్త.

"పోతే పాలు ఎవలు పిండాలె? నాకు నడుము నొస్తది" అంటూ అమ్మ ఆమె చేతిలో గిన్నె పెట్టింది.

అమ్మకు నడుము నొప్పి ఉన్నట్టు మాకు అప్పుడే తెలిసింది.