కాగితం లేని చెయ్యి

మొన్న శుక్రవారం పొద్దున నేను వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. మా ఆయన ఆటో తెచ్చి గుమ్మం ముందు ఆపి, దిగకుండానే చెప్పాడు.

"ఆపా పోయిందట. నమాజుకు లేస్తలేదని కోడలు పోయి లేపితే, అప్పటికే సల్లగైందట."

చాట నా చేతిలోనే ఉండిపోయింది. పొయ్యి దగ్గర నుంచి మా అత్త "ఏ ఆపా?" అని అడిగింది. తొర్రూరులో మా వీధికి ఆపా అంటే ఒక్కరే. ఆ సంగతి అత్తకూ తెలుసు. అడగకుండా ఉండలేక అడిగింది, అంతే.

ఆపా అంటే ఉర్దూలో అక్క. బస్టాండు వెనక సందులో ఒక మెడికల్ షాపు ఉంది. అందులో మందుల అల్మారాకు అవతల ఆకుపచ్చ తెర, తెర వెనక ఇనుప స్టూలు ఉండేవి. ఆ స్టూలు మీద కూర్చుని ఆపా ఎన్నో ఏళ్లు ఈ ఊరి పిల్లలకు సూదులు వేసింది. వయసులో ఉన్నప్పుడు ఒక దవాఖానలో ఆయాగా చేరి, నర్సుల వెంట తిరిగి పని నేర్చుకుందట. ఆ దవాఖాన మూతపడ్డాక షాపు సేటు పిలిచి కూర్చోబెట్టాడు. నర్సు చదువు ఆమె చదవలేదు. ఆ మాట ఆమె ఎన్నడూ దాచలేదు, ఎవరూ అడగనూ లేదు.

నాకు ఆమె పరిచయమైంది కుక్క వల్ల. పోయిన ఏడాది మా బిడ్డకు నాలుగేళ్లప్పుడు వీధి కుక్క పిక్క పట్టింది. ఐదు సూదులు వేయించాలని సర్కారు దవాఖానలో చీటీ రాసిచ్చారు. మూడు అక్కడే వేశారు. నాలుగోదానికి పోతే మందు అయిపోయిందన్నారు. షాపులో మందు దొరుకుతుందని, ఆపా వేస్తుందని పక్కింటివాళ్లు చెప్పారు.

నాది బయ్యారం దగ్గర తండా. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా భాష. బడిలో నేర్చిన తెలుగు నోట్లో సరిగా తిరగదని నేను బయట పెదవి కదిపేదాన్ని కాదు. బయటికి పోయే పనీ ఉండేది కాదు. నీళ్లు ఇంటికే వస్తాయి, అంగడికి అత్త పోతుంది. గడప దాటాలంటే ఒక కారణం కావాలి. బిడ్డకు సూది అనేది ఎవరూ కాదనలేని కారణం.

నాలుగో సూది రోజున తెర వెనకకు పోగానే ఆపా సబ్బుతో చేతులు కడుక్కుంది. తుడుచుకోలేదు, గాలికి ఆరనిచ్చింది. మందు సీసా తీసి నా చేతిలో పెట్టింది.

"తారీఖు చదువు బేటీ."

"నాకా?"

"నీ బిడ్డకే గదా ఏసేది. నేను చెప్పిన్నని నమ్మకు. మంచిగున్నదని సేటు చెప్పినా నమ్మకు. నీ కండ్లతోని చూసుకో."

చదివాను. చాలా రోజుల తర్వాత ఒకరికి వినపడేలా చదివాను. ఆమె బిడ్డ పేరు అడిగింది. "డరో నక్కో, భయపడకు" అని నవ్వింది. బిడ్డ నోరు తెరిచేలోపల సూది వేయడం అయిపోయింది.

"ఇగ అర్ధగంట కూసోవాలె."

ఆపా దగ్గర ఇది నియమం. సూది వేయించుకున్నవాళ్లు షాపు ముందు బల్ల మీద అర్ధగంట కూర్చోవాలి. ఒంటి మీద దద్దుర్లు వస్తాయా, ఊపిరి ఆడటంలో తేడా వస్తుందా అని ఆమె మధ్య మధ్య వచ్చి చూసేది. జనం విసుక్కునేవాళ్లు. ఆ రోజు ఒక ఆటో ఆయన "ఏందాపా, ఇంజను సల్లారాల్నా?" అన్నాడు.

"నీ ఆటో ఆగితే తోస్తరు. నువ్వు ఆగితే ఎవలు తోస్తరు? కూసో" అంది ఆపా. తర్వాత నా వైపు తిరిగి, "సూది పొడుసుడు నిమిషం పని బేటీ. కనిపెట్టుకొని ఉండుడే అసలు పని" అని లోపలికి పోయింది.

అందరికీ బరువైన ఆ అర్ధగంట నాకు పండుగలా ఉంది. ఖమ్మం బస్సు పోయింది, వరంగల్ బస్సు వచ్చింది. జామకాయలమ్మే ఆమె కండక్టరుతో కొట్లాడింది. నన్ను ఎవరూ పిలవలేదు.

ఆ అర్ధగంటలోనే జీపు వచ్చి ఆగింది. అందులో నుంచి మందుల షాపులు తనిఖీ చేసే సారు దిగాడు. వేరే ఊళ్లో ఒక షాపతను తానే సూది పొడిస్తే ఒక పిల్లవాడి కాలు పడిపోయిందట. షాపులో డాక్టరో, పేరు నమోదై కాగితం ఉన్న నర్సో తప్ప ఎవరూ సూది పట్టకూడదని పైనుంచి గట్టిగా చెప్పారట.

"అమ్ముడు వేరు, పొడుసుడు వేరు. ఈడ ఎవలు ఇస్తున్నరు?" అని సారు అడిగాడు.

"ఎవలు లేరు సార్. మేం మందు అమ్ముతం, అంతే" అన్నాడు సేటు.

సారు కండ్లు బిడ్డ చేతి మీది దూది మీద పడ్డాయి. "ఏమ్మా, ఈ పిల్లకు సూది ఎవలు ఏసిండ్రు?"

సేటు నన్ను చూశాడు. బల్ల మీదివాళ్లంతా నన్నే చూశారు. నిజం చెబితే ఆపా పని పోతుంది. అబద్ధం చెప్పడానికి కూడా నోరు పెగలాలి కదా. ఎట్లాగో పెగిలింది.

"సర్కారు దవాఖానల ఏసిండ్రు సార్."

తెర పక్కకు జరిగింది. ఆపా తడి చేతులతోనే బయటికి వచ్చింది.

"కాదు సార్. నేనే ఏసిన."

"నీకు కాగితం ఉన్నదా అమ్మా?"

"పని చేసిన చోట రాసిచ్చిన చీటీ ఉన్నది. మీరడిగే కాగితం లేదు."

"అయితే ఇయ్యాల్టి నుంచి బందు చెయ్యాలె."

"చేస్త. కని ఈ పిల్లకు ఇంకొక సూది ఉన్నది. అది ఎవలు ఏస్తరో గూడ చెప్పి పోండ్రి."

సారు చెడ్డవాడు కాదు. నా చేతిలోని చీటీ తీసుకుని చూసి, "డాక్టరు దగ్గరికి తీస్కపోవాలె" అన్నాడు. జీపు పోయింది. సేటు తల పట్టుకున్నాడు. నన్ను మెచ్చుకుంటుందేమోనని ఆపా వైపు చూశాను. ఆమె మొహం గట్టిగా ఉంది.

"నా కోసం అబద్ధమాడితివి. నోరు ఉన్నది నీకు. దాన్ని మంచిదానికి వాడు."

తర్వాత రెండు వారాల్లో అంతా బిగుసుకుపోయింది. తెలంగాణ కోసం అందరూ సమ్మెలోకి దిగారు. బస్సులు ఆగాయి. దవాఖానలోనూ సమ్మె, మందు బండి రాలేదు. భూపాలపల్లి దిక్కు బొగ్గు పని ఆగిందని కరెంటు పొద్దంతా పోయేది. ఊళ్లో ఉన్న ఒక్క ప్రైవేటు డాక్టరు చుట్టాల పెళ్లికి పోయి, రోడ్లు మూతపడి అక్కడే చిక్కుకున్నాడు. సేటు ఫ్రిజ్‌లో ఒక్క సీసా మిగిలింది. కరెంటు పోయినప్పుడల్లా ఆపా పోయి దాన్ని ఐసు డబ్బాలో పెట్టించేదట. ఐసు దుకాణం కూడా ఇక రెండు రోజుల్లో మూస్తామన్నది. మందు వేడెక్కితే నీళ్లతో సమానమని ఆమె కబురు పంపింది.

ఆఖరి సూది రోజు అత్త వాకిట్లోనే అడ్డుకుంది.

"కాటు మానింది, మచ్చ గూడ లేదు. నాలుగు పొడిపిచ్చినం, సాలదా? తొవ్వల నిండ జనమున్నరు. ఏడికి పోతవే?"

మావాళ్ల తీరే అది. కాటు మానితే కుక్క విషం దిగినట్టే అనుకుంటారు. అందుకే ఐదు సూదులూ పూర్తి చేసినవాళ్లు మా తండాలో తక్కువ. మా ఆయన పొద్దున్నే ధర్నా డేరాకు పోయాడు. నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎప్పుడూ అట్లాగే నిలబడేదాన్ని. బిడ్డ వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. సారు ముందు పెగిలిన గొంతు గుర్తుకొచ్చింది. దాన్ని అబద్ధానికి ఖర్చు చేశాను.

బయటికి వచ్చి, "అత్తా, మానింది పైన తోలు మాత్రమే. నేను పోతున్న" అన్నాను. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాను.

షాపులో ఆపా మా కోసం ఎదురుచూస్తోంది. సేటు, "షట్టరు సగం గుంజుత, లోపట ఏసెయ్యి ఆపా. ఎవలు చూస్తరు?" అన్నాడు.

"నేను చూస్త గద."

నేను ఆమె కాళ్లు పట్టుకోబోయాను. భుజాలు పట్టి లేపింది. "నా చెయ్యి మంచిదే, నాకు తెల్సు, నీకు తెల్సు. కని నన్ను జూసి రేపు ఈ సేటు బామ్మర్ది గూడ తెర ఎనక కూసుంటడు. ఆయన చెయ్యి నీకు తెల్సా? ఆ పిలగాని కాలు తెచ్చియ్యగలుగుతమా? నడువ్, కాగితమున్న చెయ్యి ఏడున్నదో దేవులాడుదాం."

పెద్ద రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. నడి రోడ్డులో పొయ్యిలు పెట్టి, బండ్లు పోకుండా అక్కడే వండి అందరూ తింటున్నారు. పొగ, డప్పులు, జెండాలు. నేను అంతమంది మధ్యకు ఎన్నడూ పోలేదు. ఆపా నా మణికట్టు పట్టుకుని గుండిగల మధ్య నుంచి నడిపించింది. సర్కారు దవాఖాన నర్సు ఒక చాప మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"లే బిడ్డా, ఒక్క సూది పని ఉన్నది."

"సమ్మెల ఉన్న ఆపా. ఇయ్యాల పని ముట్టద్దన్నరు. ఎవలన్న చూస్తే నన్ను ఏమంటరు?"

"సమ్మె సర్కారు మీద చేస్తున్నరా, కుక్కల మీద చేస్తున్నరా? కుక్కలకు తెల్వదు పాపం, అవి డ్యూటీ చేస్తనే ఉన్నయి."

చుట్టూ ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఒక ముసలామె నర్సు చేతిలోని కత్తి గుంజుకుని, "నువ్వు పోవే, ఉల్లిగడ్డలకు కాగితం అడగరు, నేను కోస్త" అంది. నర్సు లేచి, కండ్లు తుడుచుకుంటూ మా వెంట నడిచింది.

ఆ తర్వాత ఆపా ఆ తెర వెనకకు మళ్లీ పోలేదు. ఇన్నేళ్ల పనికి పరీక్ష పెట్టి కాగితం ఇస్తారేమో అడుగుదామని ఆఫీసుల చుట్టూ తిరిగింది. నర్సు చదువు చదవాలంటే ముందు పదో తరగతి ఉండాలన్నారట. "నాది మూడో తరగతి. ఈ వయసుల పలక పట్టాల్నా?" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. ఇంటి అరుగు మీద కూర్చునేది. సూది కోసం ఎవరైనా వస్తే, ఏ నర్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపేది. ఆ కాగితం నియమాన్ని ఆమె తిట్టగా నేను వినలేదు.

ఒకసారి మందు చీటీ నెపం పెట్టుకుని పోయి, "నాకు పని నేర్పుతవా ఆపా?" అని అడిగాను.

"నా లెక్క తెర ఎనక కూసునేటందుకైతే నేర్ప. పదోది పాసై రా, నేర్పుత."

నాది ఐదో తరగతి. ఇంట్లో ఆ మాట ఇంకా ఎత్తలేదు. ఇప్పుడు నేర్పే మనిషే లేదు. తెలంగాణ కూడా ఇంకా రాలేదు, ఆమె చూడకుండానే పోయింది.

శుక్రవారం నాడు అత్త పొయ్యి ఆర్పి, "నడువు, చూసొద్దాం" అంది. మొహం చూశాను. కబరస్తాన్ దాకా ఆడవాళ్లు పోరట. వాళ్ల ఇంటి ఆడవాళ్లతో పాటు గుమ్మం దగ్గరే నిలబడ్డాను. తెల్లటి కఫన్ గుడ్డ చుట్టిన ఆమె చేతులు కనబడలేదు.

నాకు మాత్రం ఆ చేతులు ఆఖరి సూది నాటివే కనబడుతున్నాయి. నర్సు చేతులు రెండుసార్లు కడిగినా ఉల్లి వాసన పోలేదు. ఆపా సీసా నాతో చదివించి, నర్సుకు అందించి, బిడ్డను తన ఒడిలో పెట్టుకుంది. ఎడమ చేత్తో బిడ్డ తల గుండెకు అదుముకుంది. నేను బిడ్డ కాళ్లు కదలకుండా పట్టుకున్నాను. సూది దిగింది. నర్సు మందు మెల్లగా నెడుతుంటే, ఆపా ఖాళీ కుడిచేయి మోకాలి మీద ఉంది. దాని రెండు వేళ్లు సూది పట్టినట్టు దగ్గరికి వచ్చి నిలిచాయి. వాటి మధ్యకు బొటనవేలు మెల్లగా, ఏమాత్రం తొందర లేకుండా, మందు అయిపోయేదాకా దిగుతూ వచ్చింది.