పేతురు వేషం కట్టిన పోతమ్మ

జాలారిపేట దాలయ్య కూతురు పోతమ్మకి పుట్టుకతోనే పెద్ద గొంతు. గుమ్మంలో నిలబడి పిలిస్తే సముద్రం మీద తెప్పలో ఉన్న తండ్రికి వినబడేది. అలాంటి పిల్లని తీసుకెళ్ళి కాన్వెంటు హైస్కూల్లో వేశారు. అక్కడ నవ్వాలన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. తొమ్మిదో తరగతి దాకా ఎలా నెట్టుకొచ్చిందో ఆ గంగమ్మకే తెలియాలి.

ఆ బళ్ళో బుధవారం మూడో గంట కొట్టగానే తరగతి రెండు ముక్కలయ్యేది. కథోలిక పిల్లలు పక్క గదిలో జ్ఞానోపదేశానికి వెళ్ళేవారు. మిగతావాళ్ళు కూర్చున్న చోటే కూర్చుని మోరల్ సైన్స్ చదవాలి. సమయపాలన, పరిశుభ్రత, పెద్దల పట్ల గౌరవం... చెప్పే టీచరుకే ఆవలింతలు ఆగేవి కావు. పక్క గదిలోంచి మాత్రం తుఫానులూ, దయ్యాలూ, చూపొచ్చిన గుడ్డివాళ్ళూ! ఇదెక్కడి న్యాయమో చెప్పండి. పోతమ్మ బల్ల మారింది, వరస మారింది, చివరికి వరండా వైపు కిటికీ దగ్గర తేలింది.

డెబ్బై ఏడు జనవరిలో ఒక బుధవారం సిస్టర్ బెనడిక్టా పేతురు కథ ఎత్తుకుంది. ఆవిడ గుంటూరు వైపు మనిషి, కథ చెబితే చేతులు కూడా మాట్లాడతాయి. పేతురు రాత్రంతా వల వేశాడట. ఒక్క చేపా పడలేదట. పొద్దున్నే ఒడ్డున వలలు కడుక్కుంటుంటే యేసు ప్రభువు వచ్చి, మళ్ళీ వెయ్యమన్నాడట.

"కడిగేసిన వల మల్లీ ఎలా ఏత్తాడండీ సిస్టర్? ఒల్లు మండదేటి?"

కిటికీలోంచి వచ్చిన ఆ గొంతుకి రెండు గదులూ బిగుసుకుపోయాయి. సిస్టర్ బెనడిక్టా వరండాలోకి వచ్చి చూసింది.

"మండే ఉంటదమ్మా. మండినా వేశాడు, అదే గదా కథ! మీ ఇంట్లో ఒప్పుకుంటే వచ్చే వారం నుంచి లోపలికొచ్చి కూర్చో."

ఇంట్లో అడిగితే దాలయ్య వల బాగుచేస్తూ తలెత్తాడు. "పేతురంటే ఎవులే?"

"సేపలోడే అయ్యా."

"అయితే మనోడే. ఎల్లి ఇనుకో."

ఫిబ్రవరిలో బడి పండగ. మేత్రాణులవారు, అంటే బిషప్పుగారు, స్వయంగా వస్తున్నారు. ఆయన ముందు పేతురు నాటకం వేయాలని సిస్టర్ బెనడిక్టా పట్టుబట్టింది. పేతురు వేషం జసింతకి ఇచ్చారు. పద్యంలా మాట్లాడే పిల్ల, కానీ వల విసరమంటే దండెం మీది చీర జారి పడ్డట్టు పడేసింది. మూడు రోజులు చూసి సిస్టర్ తల పట్టుకుంది. వెనకనించి పోతమ్మ చెయ్యెత్తింది.

దాలయ్యకి కొడుకుల్లేరు. చిన్నప్పుడే కూతుర్ని ఉప్పుటేటికి తీసుకెళ్ళి విసురు వల నేర్పాడు. ఆడపిల్ల వల ముట్టడమేటని పేటలో సణిగినవాళ్ళని సణుక్కోనిచ్చాడు. ఆ చెయ్యి ఊరికే పోతుందా? హాల్లో పోతమ్మ వల విసిరితే గొడుగు విప్పినట్టు గుండ్రంగా తెరుచుకుంది. సిస్టర్ చప్పట్లు కొట్టి ఎగిరినంత పని చేసింది. పోతమ్మ పేతురైంది. పొడుగ్గా ఉంటుంది కాబట్టి జసింత యేసు ప్రభువైంది.

ఒక్కటే చిక్కు. వల విసిరే ముందు పోతమ్మ వంగి నేలని తాకి, కళ్ళకద్దుకుని, "గంగమ్మ తల్లో!" అని కేక పెట్టేది. హాలు దూలాల మీది పావురాలు లేచిపోయేవి.

"పేతురు గంగమ్మను పిలవడమ్మా," అంది సిస్టర్.

"అలాగేనండీ," అని మళ్ళీ విసిరింది. మళ్ళీ పావురాలు లేచాయి. కావాలని కాదు పాపం. ఆ పేర్లేకుండా వల నీళ్ళు తాకడం వాళ్ళ ఇంటా వంటా లేదు. చెయ్యి లేస్తే నోరు దానంతట అదే లేస్తుంది.

ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ మదర్ రిహార్సల్‌కి వచ్చింది. కేక వింది. "ఇంకొక్కసారి ఆ మాట వినబడితే వేషం జసింతకే," అనేసి వెళ్ళిపోయింది.

పోతమ్మకి ఆ రాత్రి అన్నం దిగలేదు. తన కూతురు బిషప్పు ముందు వల వేస్తుందని దాలయ్య పేటంతా చెప్పేశాడు. బడి గేటు దాటి ఎన్నడూ లోపలికి రాని మనిషి, చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు. అన్నిటికంటే, ఆ బడికి పనికొచ్చేది తన దగ్గర ఒకటుందని మొదటిసారి తెలిసింది. అదిప్పుడు నోటి మూలంగా పోతుందా? ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉపాయమూ తట్టింది.

విసురు వల వేసేవాళ్ళు అంచు కొంత పళ్ళతో కరిచిపట్టుకుంటారు. కేక ముందు, కరవడం తరవాత. మరి ముందే కరిచేస్తే? నోటి నిండా వలుంటే గంగమ్మకి చోటెక్కడిది! లేచి గంతులేసింది.

పండగ రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో బిషప్పు, మదర్, స్వీట్ల పళ్ళెం. ఆఖరి వరసలో జాలారిపేట. తెర లేచింది. వేదిక మీద నీలం చీరలు పరిచి సముద్రం చేశారు. పోతమ్మ గడ్డం పెట్టుకుని, రాత్రంతా కష్టపడ్డా ఏమీ పడలేదని, అయినా ప్రభువు మాట మీద వేస్తానని తప్పులేకుండా చెప్పేసింది. చెప్పీ చెప్పగానే వల అంచు గట్టిగా కరిచింది. కేక గొంతు దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆ బలమంతా భుజంలోకి దిగింది.

ఏం విసురు విసిరిందని! వల నీలం చీరలు దాటింది, వేదిక దాటింది. ఆఖరి వరసలో దాలయ్యకి గుండె ఆగినంత పనైంది. తల్లి పేరు తలవకుండా కూతురి చేతి వల నీళ్ళకి పోతోంది! కుర్చీ మీంచి లేచి, "గంగమ్మ తల్లో!" అని అరిచాడు. అతని వెనకే పేటకి పేటా లేచి అరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. వల వెళ్ళి బిషప్పుగారి మీదా, మదర్ మీదా, స్వీట్ల పళ్ళెం మీదా పడింది.

జసింత బట్టీ పట్టిన పిల్ల కదా, తన తరవాతి మాట ఖంగున అప్పజెప్పింది. "భయపడకు పేతురూ! ఇక నుంచి నువ్వు మనుషుల్ని పడతావు."

మొదటి నవ్వు వల కిందనించే వచ్చింది. అది బిషప్పుగారిది. ఆ తరవాత ఎవరూ ఆగలేదు.

మదర్ మాత్రం నవ్వలేదు. ముసుగుకి చిక్కుకున్న వల అంచు సీసం గుళ్ళు విడిపించుకుంటూ పోతమ్మని తెర వెనక్కి పిలిచింది. కన్నీళ్ళకి పోతమ్మ పెట్టుడు గడ్డం తడిసిపోయింది.

"అరిచిందెవరు?"

"మా అయ్యండి. నాను అరవనేదని అరిసాడండి."

"రిహార్సల్లో నువ్వు అరిచి విసిరినప్పుడు వల ఎప్పుడైనా వేదిక దాటిందా?"

"నేదండి."

మదర్ ముసుగు సర్దుకుంది. "అయితే వచ్చే ఏడు కేక పెట్టు. తెర లేవక ముందు."

అదే ఆచారమైపోయింది. పేతుర్లు మారినా కేక మారలేదు. పోతమ్మ బి.ఎడ్. చేసి ఆ బళ్ళోకే టీచరుగా వచ్చింది, ఏ పాఠానికంటారా, మోరల్ సైన్స్‌కి! సమయపాలనని కూడా పడవా, గాలీ, ఆటూపోట్లూ పెట్టి చెప్పేసరికి, బుధవారం మూడో గంటకి జ్ఞానోపదేశం పిల్లలు కిటికీ పక్క చోటుకి తగువులాడుకునేవారు.

ఎనభై ఏడు పండక్కి పేతురు జసింత చెల్లెలు. ముందు వరసలో ముసలి మదర్, పక్క కుర్చీలో దాలయ్య. కంగారులో ఆ పిల్ల కేక సంగతి మరిచిపోయింది. తెర కదిలింది. దాలయ్య లేవబోయాడు. అతనికంటే ముందే మదర్ కర్ర నేలకి కొట్టింది.

"ఆపండి తెర! పోతమ్మా, కేక ఏదీ?"

తెర వెనక పోతమ్మ టీచరు నేల తాకి కళ్ళకద్దుకుంది. పదేళ్ళ కిందట గొంతులో ఆపుకున్నదంతా కలిపి అరిచింది. పావురాలన్నీ లేచాయి.