మా ఊరి పేరు పక్కన గీత

పొద్దున ఎనిమిదికి నా ఫోను మోగడం మొదలవుతుంది. కల్లూరులో లారీలు తూచే కాటా దగ్గర నా ఉద్యోగం తొమ్మిదికి. ఆ మధ్య గంటలో పడమటి పల్లెల వానను పోగుచేస్తాను. వాన లేని రోజూ ఫోన్లు వస్తాయి. మా లెక్కలో సున్నా కూడా వార్తే.

మా వార్తల సైటును కొందరం కలిసి నడుపుకుంటున్నాం, ఎవరికీ జీతం లేదు. ఒకప్పుడు పత్రికలో పనిచేసిన మేడమ్ ఒకావిడ వార్తలు దిద్దుతారు. నేను పదో తరగతితో ఆగినవాణ్ని, వార్త రాయడం రాదు. అంకెలైతే చూసుకోగలనని చేరాను. మండల కేంద్రంలో వాన పడితే మండలమంతా పడినట్టే చెప్పుకుంటారు. మా సీమ వాన అట్లా పడదు. ఎద్దుకు ఒక కొమ్ము తడిపి రెండోది వదిలేస్తుందని మా నాయన అనేవాడు. అందుకని ఊరికొక ప్లాస్టిక్ గొట్టం, వాన కొలిచే గీతలు ఉన్నది, ఒక మిద్దె మీద బిగించి, ఆ ఇంటివాళ్లు రోజూ చూసి చెప్పేటట్టు ఏర్పాటు చేసుకున్నాం. వాళ్లు చెప్పింది నేను పట్టికలో ఎక్కిస్తాను.

మా ఊరి గొట్టాన్ని మా అక్క ఇంటి మిద్దె మీద పెట్టించాను. అక్కను ఊర్లోనే ఇచ్చారు. అమ్మానాయనలు పోయాక నేను చెప్పకుండా వెళ్లి చెప్పులు విడిచే గడప ఆ ఊర్లో అదొక్కటే. బావ రోజూ పొద్దున్నే నిచ్చెన ఎక్కి, గొట్టం గీతలకు సమంగా కన్ను పెట్టి చూసి, అప్పుడు చెప్పేవాడు.

పోయిన వానాకాలం శనక్కాయ విత్తనం మంచి పదునులో పడింది. ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే వేళకు వాన మొహం చాటేసింది. బావ రోజూ సున్నా అనేవాడు, నేను సున్నా ఎక్కించేవాణ్ని. ఆ సున్నాల వరసను ఊర్లోవాళ్లు ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు. ప్రభుత్వం కరువు మండలాల జాబితా వేసేటప్పుడు ఎవరికైనా చూపించవచ్చని వాళ్ల ఆశ.

“నీ బామ్మర్ది మన కష్టం లోకానికి చూపిస్తాండాడు అంటాండారప్పా” అని బావ ఒకరోజు చెప్పాడు. ఆ రోజు సున్నా చెప్పడంలో కూడా కొంచెం ఉషారు వినిపించింది.

పైరు ఎండిపోయాక వాన వచ్చింది. రాత్రంతా కురిసింది. తెల్లారి మా ఊరికి తూర్పున ఉన్న ఊరి నుంచి నలభై రెండు మిల్లీమీటర్లని చెప్పారు. పడమటి ఊరి నుంచి నలభై. తర్వాత బావ ఫోను.

“జల్లే పడిందప్పా. రెండు.”

“రెండేనా బావా? అటూ ఇటూ నలభై చెప్తాండారే.”

“వాళ్లకు పడింటాది. మాకు రెండే.”

బావ మాట వెనక ధారగా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మిద్దె తూము కింద అక్క పెట్టే డ్రమ్ము నిండి పొర్లితే అట్లాగే ఉంటుంది.

“మరి ఆ నీళ్ల చప్పుడేంది?”

“మీ అక్క కడవ కడుగుతాండాది.”

“ఎంత పెద్ద కడవ బావా అది?”

బావ పెద్దగా నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. “చూడప్పా. పంట చచ్చినాక వచ్చేది వానేనా? పీనుగ నోట్లో పాలు పోసినట్టు. నీ పట్టికలో మాత్రం అది కూడా వానే. కింద మొత్తం వేస్తివంటే, ఈ నెల మాకు మామూలుగానే పడిందని తేల్తాది. రాత్రి ఊరోళ్లంతా గోనెసంచులు కప్పుకొని వానలోనే మా ఇంటికొచ్చినారు, వాన పడలేదని చెప్పమని.”

అధికారుల కొలతలు వేరే ఉంటాయని, మా పట్టిక చూసి ఎవరూ జాబితా వేయరని చెప్పాను.

“చూడరా? మొన్నటిదాకా చూస్తారనే గదా ఊరంతా దాన్ని పంపుకుండేది.”

వాన లేని రోజులెన్నో విడిగా కింద రాస్తానన్నాను.

“అదంతా ఎవురు చదువుతారప్పా? మొత్తమే చూస్తారు.”

అదీ నిజమే. నెల మొత్తం అనే అంకెకు పైరు ఎప్పుడు చచ్చిందో తెలియదు. ఆ గడిని పట్టికలో అడుగున, లావు అక్షరాల్లో పెట్టించింది నేనే.

అక్క ఫోను లాక్కుంది. “రేయ్, గొట్టం మా మిద్దె మీదుందని అందరికీ తెలుసు. రేపు మన మండలం జాబితాలో లేకపోతే ఈ ఇంటోళ్ల వల్లే పోయిందంటారు. నీకేం, కల్లూరులో ఉండావు. నేను ఈ ఊర్లో నలుగురి మొగం చూడల్ల గదా. రెండే రాయి.”

రెండు రాస్తే, నలభైల మధ్య ఆ రెండును చూసినవాళ్లు మిగతా ఊర్ల అంకెలను కూడా నమ్మరు. నలభై రాద్దామంటే మా ఊరి నుంచి నాకెవరూ నలభై చెప్పలేదు. మేడమ్‌కు ఫోను చేశాను.

“పక్క ఊర్లతో పొసగని అంకె వస్తే ఏం చేయాలో మీరే రాశారు కదండీ” అన్నారామె.

రాశాను. ఒక ఊర్లో గొట్టాన్ని కొళాయి పక్కన పెట్టుకొని ఎండాకాలంలోనూ వాన చూపిస్తుంటే రాసిన నిబంధన అది. అంకె పొసగకపోతే దాని బదులు గీత పెట్టాలి. మళ్లీ వానాకాలం విత్తనాలు పడేదాకా ఆ గొట్టం చెప్పేదేదీ ఎక్కించకూడదు. మా ఊరి పేరు పక్కన గీత పెట్టాను.

ఊర్లో ఎవరూ కోపగించుకోలేదు. గీత అంటే లెక్కలోకి రానట్టే కదా, మేలే అనుకున్నారట. “తెలివిగా తప్పించినావురా” అని అక్క మెచ్చుకుంది.

ఆ వాన పదును మీదే నల్లరేగడి చేలల్లో పప్పుశనగ వేశారు. మొలక బాగా వచ్చిందని బావ ఫొటో పంపాడు. ఆ తర్వాత చుక్క పడలేదు. పొద్దున్నే ఫోను. సున్నా. నేను గీత పెడతాను. మళ్లీ సున్నా. మళ్లీ గీత.

“ఇంగా గీతలేందప్పా? సున్నా అంటాంటే సున్నా రాయవేంది?”

నిబంధన చెప్పాను.

“అప్పుడు అబద్ధం చెప్తిని, సరే. ఇప్పుడు నిజమే గదా చెప్తాండాది?”

“నాకు తెలుసు బావా.”

“తెలిస్తే రాయి.”

పక్క రెండు ఊర్లూ సున్నాలే చెబుతున్నాయి. వాళ్ల కరువు పట్టికలో ఎక్కుతోంది, మా ఊరి కరువు ఎక్కడం లేదు. ఈ మాటే మేడమ్‌తో అన్నాను.

“ఒక ఊరికి సడలిస్తే, అదీ మీ బావగారి ఊరికి...” అని ఆమె ఆగిపోయారు. ఆగకుండా ఉంటే నేనే ఏమైనా అనేవాణ్నేమో.

ఈ పని ఇక నావల్ల కాదన్నాను.

“మానేయండి. రేపు ఎనిమిదికి ఆ ఫోన్లు ఎవరు ఎత్తుతారో చెప్పి మానేయండి.”

ఎవరి పేరూ చెప్పలేకపోయాను. ఆ ఇళ్లవాళ్లు నా గొంతుకు అలవాటు పడ్డారు. ఒక పెద్దాయన ముందు తన మోకాళ్ల నొప్పి చెప్పుకుంటేగానీ వాన సంగతి చెప్పడు. ఇంకొకావిడ గొట్టంలో ఏ గీత దాకా నీళ్లు ఉన్నాయో వేలు పెట్టి చూసుకుంటూ చెబుతుంది. ఆ వేలి మందం ఎంత తీసేయాలో నాకే తెలుసు.

ఆదివారం బస్సెక్కి ఊరికి పోయాను. గడపలో చెప్పులు విడిచి, నేరుగా మిద్దె ఎక్కాను. గొట్టం అడుగున ఎర్రటి దుమ్ము పేరుకుంది. మూతి మీద సాలెపురుగు గూడు అల్లింది.

“కనపడిందా?” కింద నుంచి బావ.

“కనపడింది.”

అక్క జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. నేను రెండో రొట్టె తుంచేదాకా ఆగి, “కండ్లారా చూసినావు గదా. పోయి రాస్తావా?” అంది.

దారిలో ఆలోచించి పెట్టుకున్నదే చెప్పాను. “ఇంగొక గొట్టం వేరే ఇంటి మీద పెట్టిస్తానక్కా. కొత్త గొట్టానికి ఈ నిబంధన తగలదు.”

బావ నవ్వాడు, మునుపటి నవ్వు కాదు. “యాడ పెడతావప్పా? యా ఇంటి మీద? ఆ రాత్రి ఈడ కూచున్నోళ్లు కాకుండా ఊర్లో ఇంగెవురుండారు?”

అక్క ఇంకో రొట్టె వేసింది. నేను వద్దనలేదు. సాయంత్రం చెప్పులు వేసుకుంటుంటే ఎప్పుడూ బస్సు దాకా వచ్చే అక్క గడప దగ్గరే నిలబడిపోయింది.

సోమవారం ఎనిమిదికి ఫోను మోగింది.

“సున్నా.”

“సరే బావా.”

గీత పెట్టాను. బావ ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఇంకో ఊరి ఫోను మధ్యలో వచ్చి, మోగి మోగి ఆగిపోయింది. అటువైపు నుంచి ఏ చప్పుడూ లేదు, కడవ కడిగే చప్పుడు కూడా.