నాలుగో జ్వరం

మా చిన్నప్పుడు కెలమంగలంలో పురుగులకు కూడా జ్వరం వచ్చేది...

నవ్వకండి. పట్టుపురుగు పాత చర్మం విడిచే ముందు ఒక రోజంతా ఆకు ముట్టదు. తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. గూడు కట్టేలోపు నాలుగు జ్వరాలు.

మా అవ్వ పురుగులు పెంచేది. మా పడసాలలో ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే ఉండేది... వేల పురుగులు మల్బరీ ఆకు నమిలే చప్పుడు అది. జ్వరం వస్తే ఆ వాన ఆగిపోయేది. చెవితో కనిపెట్టడం, తల చూసి గుర్తుపట్టడం అవ్వే నేర్పింది. అన్నీ చర్మం విడిచి లేచేదాకా ఆకు వేయకూడదు. వేస్తే ముందు లేచినవి తినేస్తాయి, వెనకబడినవి ఆకు కింద నలిగిపోతాయి.

నాకు పదేళ్ళప్పుడు, ఒక ఆదివారం, అవ్వ సూళగిరిలో చుట్టాలింటికి పోతూ మొదటిసారి పురుగుల తట్టలు నాకు అప్పగించింది. నాలుగో జ్వరం నడుస్తోంది.

"దీపాలు పెట్టే పొద్దుకు లేస్తాయి పాపా. ఒక్కటి పండుకోని ఉండినా ఆకు వెయ్యొద్దు."

ఎదురింట్లో కొత్తగా టీవీ వచ్చింది. సాయంత్రం సినిమా... ఐదు గంటలకు చూస్తే సగం లేచాయి. సగం ఇంకా తలెత్తుకునే ఉన్నాయి. చూశాను. చూసి కూడా అన్ని తట్టల్లోనూ ఆకు పరిచేసి పరిగెత్తాను.

నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ వచ్చి ఉంది. అన్నీ లేచాకే వేశావా అని అడిగింది. ఔనన్నాను. తడబడను కూడా లేదు.

వారం తిరిగేసరికి కొన్ని పురుగులు పండి గూటికి సిద్ధమయ్యాయి. కొన్ని చిటికెనవేలంత కూడా లేవు. చచ్చినవాటిని అవ్వ చేటలోకి ఏరుతుంటే పక్కింటి రత్నమ్మ తొంగిచూసి, "ఏమక్కా, నీ తట్టలో అవ్వలూ మనవరాళ్ళూ ఒకటిగా కాపురం చేస్తా ఉండారే" అంది.

అవ్వ తలెత్తలేదు. "పొద్దు చెప్పేదాంట్లో నాకెప్పుడూ తప్పలేదు రత్నమ్మా. ఈసారి తప్పింది. కండ్లు పోయినాయేమో. ఇంక జ్వరం చూసేది మా పాపే."

నేను అక్కడే ఉన్నాను...

తరువాతి పంట నుంచి నేను చెబితేనే ఆకు. భయంతో ఒక్కో తట్ట మీదా మెడ నొప్పిపుట్టేదాకా వంగి చూసేదాన్ని. ఇంత చిన్నపిల్లకు ఎంత చూపని ఊళ్ళో అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ చూపు అవ్వ దగ్గర లాక్కున్నదని నాకొక్కదానికే తెలుసు.

నాకొక్కదానికేనా? ఈ మధ్యే ఒకటి గుర్తొచ్చి మనసు కుదురుగా లేదు. ఆ ఆదివారం రాత్రి అన్నం పెడుతూ అవ్వ, "సినిమా బాగుండెనా?" అని అడిగింది. సినిమాకు పోయినట్టు నేను చెప్పనేలేదు...

అంటే తెలిసే తప్పు తన మీద వేసుకుందా? లేక సినిమా సంగతొక్కటే ఎదురింటివాళ్ళు ఏదో మాటల్లో అన్నారా? అడుగుదామంటే అవ్వ లేదు. మల్బరీ తోట ఉన్నచోట ఇప్పుడు గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ళు. ఆ ఇంట్లో వాన చప్పుడు ఆగిపోయి ఎన్నేళ్ళయిందో...

ఇప్పటికీ మా పిల్లలు నిజంగా నిద్రపోతున్నారో నటిస్తున్నారో తల చూసి చెప్పేస్తాను. ఎలా తెలుస్తుందమ్మా అంటారు. అవ్వ నేర్పింది అంటాను... సగమే చెబుతాను.

మీకూ ఇలా, ఒక అబద్ధం చాటున అబ్బిన విద్య ఏదైనా ఉంటే రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలని ఉంది.