ఆగిన మనిషి మీదికి

టైల్స్ గోడౌన్‌లో అందరూ ఆయన్ని కుక్కల బాబాయ్ అంటారు. ఉన్నది ఒక్క కుక్కే. నల్లది, వెడల్పాటి ఛాతీది, నిద్రలో కూడా చెవులతో కాపలా కాసేది. బాబాయ్ జుట్టు కాపలా పనిలోనే నెరిసింది. కుక్కను నడిపించడం నేర్పిన పెద్దాయన మొదటిరోజు చెప్పిన మాట ఆయన ఒంటికి పట్టేసింది: "గొలుసు నీ చేతిలో ఉండాలి. మనిషి ఆగితే నువ్వూ ఆగాలి. పట్టుకుని పోలీసులకు అప్పగించడం వరకే మన పని. కొట్టే హక్కు, కరిపించే హక్కు చట్టం మనకివ్వలేదు."

గోడౌన్ మీద పెత్తనం యజమాని బావమరిదిది. వెనకాల అందరూ అతన్ని బావమరిది అనే పిలుస్తారు. కుక్క వచ్చిన కొత్తలో అతను పట్టుబట్టి ఒక పద్ధతి పెట్టించాడు. 'పట్టు' అని గోడౌన్‌లో ఎవరన్నా కుక్క దూకాలి. 'వదులు' మాత్రం బాబాయ్ గొంతుకే వినాలి. దొంగ కూడా ఆ మాట అనేస్తే ఎలా అని అతని వాదన.

"పట్టమనే నోళ్లు అన్ని, వదలమనే నోరు ఒక్కటేనా బాబూ?" అని బాబాయ్ గొడవపడ్డాడు.

"పాఠాలు కుక్కకు చెప్పు, నాకు కాదు."

కోపాన్ని ముద్దలా మింగి, చెప్పినట్టే నేర్పాడు.

ఆ మధ్యాహ్నం కుక్కను గొలుసుతో కొక్కేనికి కట్టేసి, షెడ్డు వెనక అన్నం తింటున్నాడు బాబాయ్. పనిలోంచి తీసేసిన హమాలీ ఒకతను తన బట్టల సంచి కోసం పొద్దున గేటు దగ్గర బతిమాలి, తిట్లు తిని పోయాడు. అతనే ఇప్పుడు వెనక గోడ దూకి, సంచి చంకన పెట్టుకుని బావమరిది కంటపడ్డాడు.

అరుపు విని ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు బాబాయ్. హమాలీ నేలమీద ఉన్నాడు. అతని మోచెయ్యి కుక్క నోట్లో ఉంది. "ఆగానయ్యా, ఆగాను" అంటున్నాడంతే. పక్కనే నిలబడి బావమరిది "వదులు, వదలవే!" అని గొంతు చించుకుంటున్నాడు. కుక్క చెవి కూడా కదల్లేదు. తెల్లటి టైళ్ల పొడి మీద నెత్తురు చిన్న చిన్న పూలై విచ్చుకుంటోంది.

"వదులు," అన్నాడు బాబాయ్.

వదిలింది. వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, మంచిపని చేశానన్నట్టు తోకాడించింది. ఆ తోక చూసేసరికి ఆయనకు ఒళ్లు మండిపోయింది.

తువ్వాలుతో చెయ్యి కట్టి ఆటో ఎక్కిస్తుంటే హమాలీ అన్నాడు, "నేను ఆగాకే కుక్కను విప్పాడు బాబాయ్."

ఆటో మలుపు తిరిగిందో లేదో, బావమరిది బాబాయ్ చెవి దగ్గరికి వచ్చాడు. "పోలీసులొస్తారు. గొలుసు తెంచుకుందని చెప్పు బాబాయ్. పిచ్చి పట్టిందని సూది వేయించేద్దాం. ఇంకోదాన్ని తెస్తాలే."

"దాన్ని చంపి నువ్వు బయటపడతావా?"

"కుక్కేగా!"

"అది కుక్కే. నువ్వేంటి మరి?"

ఎస్సై రాగానే బావమరిది తన కథ మొదలుపెట్టాడు. బాబాయ్ సాగనివ్వలేదు. గొలుసు తెచ్చి ఎస్సై ముందు విసిరికొట్టాడు.

"ఎక్కడ తెగిందో చూపించమనండి సార్! చేత్తో విప్పి, ఆగిన మనిషి మీదికి ఉసిగొల్పాడు. ఎవరి ముందు చెప్పమన్నా చెబుతా."

"నీ ఉద్యోగం ఇవాళ్టితో సరి," అన్నాడు బావమరిది.

"సరే. ముందు నువ్వు జీపెక్కు."

కుక్కను పశువుల ఆసుపత్రిలో పెట్టారు. దానికి పిచ్చీ లేదు, గిచ్చీ లేదు, చంపే పనే లేదన్నాడు డాక్టరు. బాబాయ్ రోజూ వెళ్లి దాని పక్కన కూర్చుంటున్నాడు.

"నీదా పెద్దాయనా?" అని బోను కడిగే మనిషి అడిగాడు.

"కంపెనీది."

"జీతం ఇస్తున్నారా?"

"పీకేశారు."

"మరెందుకయ్యా ఈ తిరుగుడు?"

"ఇంట్లో కూర్చుంటే ఎవర్నన్నా కొట్టేలా ఉన్నాను," అన్నాడు బాబాయ్.