గొలుసు తగిలించకముందే

మా మందిరం ఆవరణలో, చెప్పులు విడిచే చోటు పక్కన, నీలం టార్పాలిన్ కింద ఒక మోటారు పడవ ఉంటుంది. నారాయణగూడలో పడవేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. గట్టి వాన పడ్డాక అశోక్‌నగర్ కింది సందుల్లోకి వచ్చి చూస్తే నవ్వరు. మురుగునీటి నాలా పొంగిందంటే నీళ్ళు కిటికీల దాకా వస్తాయి. ఒక ఏడాది అలా వచ్చినప్పుడు మా సంఘం వాళ్ళం ముసలివాళ్ళను ప్లాస్టిక్ టబ్బుల్లో కూర్చోబెట్టి లాక్కొచ్చాం. ఆ ఆదివారమే పడవ కొనాలన్న మాట పుట్టింది. ఆ మాట ప్రభువే పుట్టించాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. నా కోపం ఆయన మీద కాదు. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా మావాళ్ళు నాకు ఆ నింద అంటగడుతున్నారు కనుక ముందే చెప్పేస్తున్నాను.

పడవ వచ్చాక దాని ఇంజన్ గురించి జరిగిన చర్చ కంటే దాని మీద రాయించాల్సిన అక్షరాల గురించి జరిగిన చర్చే ఎక్కువ. చివరికి ఒక పక్క సంఘం పేరు, ఇంకో పక్క మా సంఘపెద్ద తండ్రిగారి జ్ఞాపకార్థం అని రాయించారు. సంఘపెద్ద పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా పుట్టింటివాళ్ళలాగే ఆయన కుటుంబమూ కోస్తా నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడింది. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను. ఆయన ప్రార్థన మొదలుపెడితే కూర్చున్నవాళ్ళకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అయినా ఆ ప్రార్థనల్లో నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి. అందుకే ఇంత మంట.

ఊరి బయట ఒక చెరువు దగ్గర సిమెంటు ర్యాంపు ఉంటే, అక్కడికి వెళ్ళి అభ్యాసం చేశాం. పడవను నీళ్ళలోకి దించడం ఎవరైనా చేస్తారు. మళ్ళీ జీపు వెనకుండే ట్రైలర్ మీదికి ఎక్కించడమే పని. జీపును వెనక్కి నడిపి, ట్రైలర్ చక్రాలు మునిగేదాకా నీళ్ళలోకి దించాలి. పడవ ముక్కును ట్రైలర్ మధ్యకు గురిపెట్టి తేవాలి. ముక్కుకున్న ఇనుప కడియానికి ట్రైలర్ ముందుండే బెల్టు కొక్కేన్ని తగిలించి, బెల్టును చుట్టే హ్యాండిల్ తిప్పుతూ పైకి లాగాలి. పూర్తిగా ఎక్కాక గొలుసు తగిలించాలి. గొలుసు పడితేనే పడవ ఎక్కినట్టు లెక్క.

హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే పంటికొక్కెం ఒకటుంటుంది. మాది అరిగిపోయి జారుతోందని మొదటి అభ్యాసంలోనే తెలిసింది. చెబితే, "సువార్త కూటాలు అయ్యాక చేయిద్దాం లేమ్మా" అన్నారు అన్నయ్యగారు. కూటాలకు షామియానా వచ్చింది, మైకులు వచ్చాయి, పూలదండలు వచ్చాయి. కొక్కెం రాలేదు. గొలుసు పడేదాకా హ్యాండిల్ మీది చేయి తీయకూడదని మాలో మేమే నియమం పెట్టుకున్నాం.

అంతకంటే పాత నియమం మాకు ఇంకొకటుంది. ప్రార్థన అనగానే చేతిలో ఏదుంటే అది వదిలేయాలి, కళ్ళు మూసుకోవాలి, చేతులు పైకెత్తాలి. ఆదివారపు బడిలో పిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పేది అదే. నోటి దాకా వచ్చిన ముద్దను కూడా మా పిల్లలు పళ్ళెంలో పెట్టేస్తారు. ప్రార్థన జరుగుతుండగా పాలు పొంగిపోని వంటిల్లు మా సంఘంలో లేదు.

ఆ రోజు తెల్లవారేసరికి అశోక్‌నగర్ మునిగింది. ప్రధాన రోడ్డు నుంచి నాలా వైపు వాలుగా దిగే సందే మాకు ర్యాంపు. హాస్టళ్ళలో ఉండి ప్రభుత్వ పరీక్షలకు చదువుకునేవాళ్ళను, పుస్తకాల కవర్లు నెత్తిన పెట్టుకున్నవాళ్ళను, ఒక్కో పడవెడు బయటికి తెచ్చాం. మేడ మీది బాల్కనీలోంచి ఎవడో, "అన్నా, కోఠికి పోతదా? సీటుకెంత?" అని కేకేశాడు. జీపు నడిపే మా డ్రైవరన్న, "నీకు నిలబడే జాగనే ఉన్నది, దిగు!" అన్నాడు. అందరం నవ్వాం. అప్పటికి నవ్వగలిగాం.

అప్పుడే ఫోన్ వచ్చింది. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో ఒక పాత ఇల్లుంది. అందులో ఒక పెద్దావిడ, ఆమె కోడలు ఉంటారు. కోడలు నా దగ్గర కుట్టు నేర్చుకుంది. వాళ్ళు హిందువులు. క్రిస్మస్‌కు మా ఇంటి కేకు మొదట వెళ్ళేది వాళ్ళింటికే. పెద్దావిడకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రింబగళ్ళు ఆక్సిజన్ మిషన్ పెట్టుకునే ఉంటుంది. కరెంటు పోయి మిషన్ ఆగింది, ఇక ఉన్నది ఒక్క సిలిండరే. కొడుకు ఊళ్ళో లేడు.

"అక్కా, సిలిండర్ ముల్లు ఎర్రగీత దాటింది. నీళ్ళు మంచం కోళ్ళ దాకా వచ్చినయ్. ఎవరికి చేసినా వస్తున్నం, వస్తున్నం అంటున్నరు. మీ పడవ ఉన్నది కదా!"

"వస్తున్నాం తల్లీ. ఇదిగో, ఎక్కిస్తున్నాం" అన్నాను.

మధ్యలో ప్రధాన రోడ్డు ఎత్తుగా, పొడిగా ఉంది. నీళ్ళ మీద అటు పోలేం. పడవను ట్రైలర్ మీద ఎక్కించి తీసుకెళ్ళాల్సిందే. డ్రైవరన్న జీపును వెనక్కి దించాడు. మా యువజన సహవాసంలో ఒక తమ్ముడు, నల్గొండ వైపు నుంచి వచ్చి పరీక్షలకు చదువుతున్నవాడు, హ్యాండిల్ పట్టుకున్నాడు. ముక్కు సరిగ్గా మధ్యకు వచ్చింది. పడవ సగానికి పైగా ఎక్కింది. నేను జీపు పక్కన నిలబడి, ఫోన్‌లో ఆ అమ్మాయికి ధైర్యం చెబుతున్నాను.

అన్నయ్యగారు అప్పటిదాకా కిరాణా కొట్టు మెట్టు మీద గొడుగు కింద ఉన్నారు. ఆయన పక్కన ఇంకొకరు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నారు. "ఒక్క నిమిషం! ప్రాణం కాపాడబోతున్నాం. ప్రార్థన చేసుకుని కదులుదాం" అన్నారాయన.

"గొలుసు ఇంకా పడలేదన్నయ్యగారూ!" అన్నాను.

ఆయన అప్పటికే కళ్ళు మూసుకున్నారు. "అందరం చేతులెత్తి స్తోత్రం చెల్లిద్దాం."

ఆ తమ్ముడి చేతులు లేచాయి. ఆలోచించి ఎత్తలేదు. ఆ మాట వింటే చేతులు వాటంతటవే లేస్తాయి మాకు. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి అతని మణికట్టుకు తగిలింది. పడవ జారి నీళ్ళలో పడి, అడ్డం తిరిగి, వడికి ఒక ఇంటి గేటు స్తంభానికి కొట్టుకుంది. ఇంజన్ కింది పంకా రెక్కలు విరిగిపోయాయి. "పట్టుకోండి! పట్టుకోండి!" అని నేను గొంతు చించుకుంటే, ఆయన అదంతా పరిశుద్ధాత్మ ఆవేశం అనుకుని ఇంకా గట్టిగా ప్రార్థించారు.

"ఏంది తమ్మీ, చేతులెందుకిడిసినవ్?" అని డ్రైవరన్న జీపు దిగి పరిగెత్తాడు.

"ప్రార్థన అన్నరు కదన్నా" అన్నాడతను మణికట్టు పట్టుకుని.

అన్నయ్యగారు కళ్ళు తెరిచి చూశారు. "సాతాను అడ్డుపడుతున్నాడు. ఇంకొంచెం పట్టుదలగా ప్రార్థిద్దాం."

"సాతాను కాదన్నయ్యగారూ, పంటికొక్కెం. మీరు పక్కకు తప్పుకోండి."

నా జీవితంలో ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. అందుకు నాకు చింత లేదు. చేతిలో ఫోన్ ఇంకా కట్ కాలేదు. అవతల ఆ అమ్మాయి, "అక్కా, ఎక్కించిండ్రా? బయలుదేరిండ్రా?" అంటోంది.

గేటు ఊచల్లో ఇరుక్కున్న పడవను తీయడం అంత తేలిగ్గా కాలేదు. పొద్దున మేం తెచ్చినవాళ్ళే పుస్తకాల కవర్లు కొట్టు మెట్ల మీద పెట్టి నీళ్ళలోకి దిగారు. లాగి, తిప్పి, మళ్ళీ ట్రైలర్ మీదికి చేర్చాం. ఈసారి హ్యాండిల్ డ్రైవరన్న పట్టుకున్నాడు. గొలుసు నేనే తగిలించాను.

"పడ్డదా అక్కా?"

"పడింది."

"ఆమేన్. ఇగ పోదాం."

చిక్కడపల్లి సందులో ఇంజన్ లేని పడవను నడుము లోతు నీళ్ళలో చేతులతో తోసుకుంటూ వెళ్ళాం. మేం చేరేసరికి సిలిండర్ అయిపోయి చాలాసేపైంది. పెద్దావిడ పెదవులు నేరేడు రంగులో ఉన్నాయి. కోడలు తువ్వాలుతో విసురుతూనే ఉంది, ఆ విసురుడుకు ఊపిరి వస్తుందన్నట్టు. దుప్పటితో ఎత్తి పడవలో పడుకోబెట్టి, రోడ్డు మీదికి తెచ్చి, నారాయణగూడ ఆసుపత్రికి చేర్చాం.

ఆమె బతికింది. కానీ ఇప్పుడు మాట తడబడుతుంది. కోడలిని పిలవడానికి పేరు వెతుక్కుంటుంది, దొరక్క చేయి ఊపుతుంది. మెదడుకు కాసేపు ఊపిరి అందలేదని డాక్టరు చెప్పారు.

ఆసుపత్రి వరండాలో ఆ అమ్మాయి నన్ను అడిగింది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది. "ఎక్కిస్తున్నమన్నరు కదక్కా. మళ్ళ ఏమైంది?"

ఇంజన్ పాడైందని చెబితే అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు. "ప్రార్థన చేస్తూ పడవను వదిలేశాం" అని చెప్పాను. నేను మోసే ప్రభువు నామానికే నా నోటితో మచ్చ తెస్తున్నట్టు అనిపించింది.

"మేం గూడ దేవుణ్ణే మొక్కుకుంట కూసున్నమక్కా" అంది. "పడవ జల్ది రావాలని."

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. ఆ ఇంట్లోంచి లేచిన మొరకు జవాబుగా ప్రభువు ఒక పడవను పంపాడు. దాన్ని మధ్యలో ఆపింది మా ప్రార్థన. బైబిల్ కథలో గాయపడి దారిలో పడినవాణ్ణి చూసి పక్కనుంచి వెళ్ళిపోయిన యాజకుడి మీద నేను ఎన్ని ప్రసంగాలు విన్నాను! అతనూ ఆరాధనకు ఆలస్యమవుతుందనే వెళ్ళాడేమో.

ఆదివారం అన్నయ్యగారు సాక్ష్యం చెప్పారు. "ఇంజన్ విరిగినా పడవ నడిచింది! ప్రార్థనకున్న శక్తి చూడండి!" మందిరమంతా స్తోత్రం అంది. ముందు వరసలో ఆ తమ్ముడు కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు.

"చెల్లమ్మా," అన్నారాయన మైకు కాస్త దూరం జరిపి, "పొద్దు గుంకేదాకా కోపం ఉంచుకోకూడదని పిల్లలకు నువ్వే కదా నేర్పుతావు?"

"ఎన్ని పొద్దులు గుంకినా ఆ కొక్కెం మారలేదన్నయ్యగారూ."

"సరే, దీని గురించి ప్రార్థన చేద్దాం" అన్నారు. కళ్ళు మూతపడ్డాయి. చేతులు లేచాయి. నేను బయటికి వచ్చేశాను. నా వెనకే డ్రైవరన్న వచ్చాడు. కొత్త కొక్కెం ముందు రోజే సుల్తాన్ బజార్ దాటి వెళ్ళి నేనే తెచ్చి, జీపులో పెట్టించాను. ఇద్దరం టార్పాలిన్ తొలగించాం. పాత కొక్కెం బోల్టుకు స్పానర్ పెట్టి, అతను ఒకసారి తలుపు వైపు చూశాడు. లోపల అన్నయ్యగారి గొంతు పైకి లేస్తోంది.

"అక్కా, లోపల ప్రార్థన నడుస్తున్నది. ఇప్పుడు ఈ పని పెట్టుకుంటే పాపం గాదా?"

"ఇదీ ప్రార్థనే అన్నా," అన్నాను. "తిప్పు."