కొట్టని కొబ్బరికాయ

మేం అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉండగా మా కంపెనీ నాకు గ్రీన్ కార్డు స్పాన్సర్ చేయడానికి సిద్ధపడింది. దానికి ముందు ఒక తంతు ఉంది. నేను చేస్తున్న ఉద్యోగమే ఖాళీగా ఉన్నట్టు ఆదివారం పేపర్లో ప్రకటన వేయాలి. తగిన అమెరికన్ ఎవరూ దొరకలేదని తేలాలి. దొరికితే నా ఫైలు అక్కడితో ఆగిపోతుంది. వీసా గడువు దగ్గర పడింది గనక మేమిద్దరం పెట్టెలు సర్దుకోవడమే.

లాయరు నా రెజ్యూమె ఎదురుగా పెట్టుకుని మరీ ఆ ప్రకటన రాశాడు.

“ఎవడూ అప్లై చెయ్యడులే. నీ కొలతలకి కుట్టిన జాకెట్టు ఇంకోళ్ళకెలా పడుతుంది?” అన్నారు మావారు.

ఒకాయన అప్లై చేశాడు. ఇంటర్వ్యూకి పిలవక తప్పలేదు. ఆ రోజు కాన్ఫరెన్స్ రూమ్ వైపు రావద్దని మేనేజరు నాకు ముందే చెప్పాడు. పొద్దున్నే స్నానం చేసి, వంటింటి అలమరలోని దేవుడి ముందు నిలబడి, “ఆయనకి రాకుండా చూడు స్వామీ, గుడికొచ్చి కొబ్బరికాయ కొడతాను” అని మొక్కుకున్నాను. ఒకరి నోటి దగ్గర కూడు తీసెయ్యమని మొక్కుకోవడం మా ఇంటా వంటా లేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరేసరికి జోరున వాన. గుమ్మం దగ్గర సూటూ టైతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మా ఆఫీసులో సూటు వేసుకునేవాళ్ళు లేరు, ఆయనే అని తెలిసిపోయింది. కారు రిపేరులో ఉందట, బస్సుకి వెళ్ళాలట. చూడనట్టు పోదామనుకున్నాను గానీ కాళ్ళు కదల్లేదు. బస్‌స్టాప్ దాకా దింపుతాను రమ్మన్నాను.

కార్లో ఆయన మహా హుషారుగా ఉన్నాడు. చాన్నాళ్ళుగా పని లేదట, ఇవాళ మాత్రం బాగా జరిగిందట.

“వాళ్ళడిగిన ఒక్క సాఫ్ట్‌వేర్ టూలే నాకు తెలీదు. త్వరగానే నేర్చుకుంటానని చెప్పాను. మీరిక్కడ ఏం చేస్తారు?”

ఆ టూలు ప్రకటనలోకి ఎక్కింది అది నాకు వచ్చు గనకే. “టెస్టింగ్” అని అబద్ధమాడాను.

“అయితే మనం కలిసి పనిచేస్తామన్నమాట! మొదటి రోజు డోనట్లు తెస్తాను. మీకేవి ఇష్టం?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని “చాక్లెట్‌వి” అన్నాను. గుర్తుపెట్టుకుంటానంటూ ఆయన దిగి వానలోకి పరుగెత్తాడు.

కొన్నాళ్ళకి మేనేజరు పిలిచి, ఆయనకి ఆ టూలు రాదన్న కారణం సరిపోయిందని, ఇక నా ఫైలు ముందుకెళ్తుందని చెప్పాడు. నేను నవ్వి థాంక్యూ కూడా చెప్పాను.

ఇంట్లో మావారు ఎగిరి గంతేశారు. “సండే టెంపుల్‌కి వెళ్దాం. మొక్కు బాకీ పెట్టకూడదు.”

“ఇప్పుడొద్దండీ.”

“ఏం? స్వామి నీ మాట విన్నాడుగా!”

విన్నాడు, అదే నా బాధ. కార్డు వచ్చాక ఆ గుడికి ఎన్నోసార్లు వెళ్ళాను, అందరి పేరనా అర్చనలు చేయించాను. ఆ ఒక్క కాయ కొట్టడానికి మాత్రం నాకు ముఖం చెల్లలేదు.